అక్కా, పేరు పెట్టొద్దన్నవ్ కాబట్టి పెడ్తలేను, థాంక్యూ

ఇంజినీరింగ్ సీటొచ్చి కాలేజీల రిపోర్టింగ్ గూడ అయిపోయింది కాబట్టి, నాకు దారి చూపిన మెంటర్ అక్క గురించి ఇప్పుడు ధైర్యంగ రాస్తున్న. మమ్మల్ని కలిపిన సంస్థ పేరు గూడ వద్దన్నది, అందుకే ఉత్త అక్క అనే రాస్త.

మాది సిరిసిల్ల. నాయిన సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతడు, అమ్మ బీడీలు చేస్తది. ఇంటర్ ఫస్టియర్‌ల మా కాలేజీకి వాలంటీర్లు వచ్చి ఒక్కో స్టూడెంట్‌కి ఒక్కో మెంటర్‌ని ఇస్తం అన్నరు, నాకు హైదరాబాద్‌ల జాబ్ చేసే అక్క దొరికింది. నాయిన ఒప్పుకోలే. పైసలు తీసుకోకుండ ఎవలు చెప్తరే, దీన్ల ఏదో ఉంటది అన్నడు. అక్క ఫస్ట్ ఫోన్ అమ్మకే చేసింది, ఆకు, తంబాకు, కార్ఖానాల లెక్క ఎట్ల చూస్తరు అని అరగంట ముచ్చట పెట్టింది, నా చదువు ఊసే లేదు! ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం నాకు ఫోన్. మెంటర్లు పైసలు ఇయ్యొద్దు, గిఫ్టులు ఇయ్యొద్దు అని వాళ్లకు రూల్ ఉన్నదట. నాకు అవి అక్కర్లేకుండె. ఫిజిక్స్ చెప్పేటోళ్లు కాలేజీల ఉన్నరు, నువ్వేం అనుకుంటున్నవ్ అని అడిగేటోళ్లే లేకుండె.

ఎంసెట్ ర్యాంకు పదివేలు దాటింది. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నరు గని మాకు ఎంసెట్టే. ప్రైవేట్ కాలేజీల ఇంటర్ చదివిన మాలాంటి బీసీలకు ర్యాంకు పదివేల లోపుంటే సర్కారు నుంచి ఫీజు మొత్తం వస్తది, దాటితే 35,000 వరకే, మిగిలింది మనమే కట్టుకోవాలె, ఈ సంగతి మా ఇంట్ల ఎవలకీ తెల్వది. రిజల్ట్ వచ్చిన కాడినుంచి కాలేజీలోళ్ల ఫోన్లు వేరే. అక్క మాత్రం ముందు కాయితాలు సదురుకో అన్నది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఆ ఏడు జనవరి 1 తర్వాత తీసిందే నడుస్తది, మాది పాతది, మీసేవకు ఉరికినం. ఆ మీసేవ అన్నకు గూడ థాంక్స్, షట్టర్ దించేటోడు మా కోసం ఆగిండు.

ఇగ వెబ్ ఆప్షన్లు, అంటే మనకు కావాల్సిన కాలేజీలు, బ్రాంచీలు ఆన్‌లైన్ల వరుసగ పెట్టుడు. పోయినేడు లాస్ట్ ర్యాంకుల పీడీఎఫ్ తెరిపిచ్చి, ఏ కాలేజీల ఏ బ్రాంచికి బీసీ-బీ గర్ల్స్ ఎంత ర్యాంకు దాకా పోయిందో నాతోనే రాపిచ్చింది. రాదేమో అనుకున్న కాలేజీలన్నీ నేను కింద పెడ్తుంటే ఆపింది. వచ్చేదాన్ని పైన పెడితే అదే ఇచ్చేస్తరు, దాని కిందియి ఇగ చూడరు, నీకు కావాల్సిందే పైన పెట్టు, రాకపోతే ఎట్లాగూ కిందిదానికే పోతది అన్నది. ఈ ముక్క మా పెద్దమ్మ కొడుకుకు ఎవలన్న చెప్పుంటే ఇయ్యాల వేరే కాలేజీల ఉండేటోడు.

నాకు కొండగట్టు కాడి నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీల ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) కావాలె. నాయినేమో మన సిరిసిల్లలనే 2021ల జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది గదా, కొండగట్టు దాకా పోయి హాస్టల్‌ల ఉండుడెందుకు అంటడు. నువ్వే ఏదో ఒకటి చెప్పు అక్కా అని ఫోన్‌ల ఏడ్సిన. చెప్పనంటే చెప్పనన్నది, ఎందుకు పోవాలనుకుంటున్నవో నాయినకు నువ్వే చెప్పు, నేను లైన్‌ల ఉంట అన్నది. చెప్పిన. అక్క ఒక్క మాట గూడ మాట్లాడలే. నాయిన హాస్టల్‌ల తిండెట్ల, బస్సులెన్ని అని అడిగి, సరే పెట్టుకో అన్నడు. నాచుపల్లే వచ్చింది! సీటొచ్చినంక అప్పుడు చెప్తది, నేనైతే హైదరాబాద్ కాలేజీలే పైన పెట్టేదాన్ని అని. అన్ని రోజులు ఎట్ల ఆపుకున్నదో ఏమో.

సిరిసిల్ల, వేములవాడ దిక్కు ఈసారి కౌన్సెలింగ్ ఉన్న చెల్లెండ్లు ఎవలన్న ఉంటే నాకు మెసేజ్ పెట్టుండ్రి, ఆ పీడీఎఫ్ ఎట్ల చూడాల్నో కూసోబెట్టి చూపిస్త. అక్కా, నీకు ఈ ఏడు కొత్త చెల్లె వచ్చిందట గదా, ఆమెకు టైం ఇయ్యి గని ఆదివారం నా ఫోన్ గూడ ఎత్తు.