మెదడుకు జన్యు చికిత్స: సగం వార్త రాయొద్దు

సంపాదకులకు నమస్కారం.

జన్యు చికిత్సతో, అంటే కణాల్లోకి ఒక జన్యువును పంపి చేసే వైద్యంతో, మతిమరుపు పోతుందన్న వార్తలు చూసి, మా అత్తగారికి చేయిద్దామా అని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. ఆవిడ చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే "అన్నం పెట్టవే" అంటారు. అలాంటి ఇంట్లో ఆశ ఎంత తొందరగా అంటుకుంటుందో మాకు తెలుసు.

1999లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్క్ టుజిన్‌స్కీ బృందం నాడీ కణాలను పోషించే ఎన్‌జీఎఫ్ అనే ప్రొటీన్ జన్యువుతో ముసలి కోతుల మెదడులో కుంచించుకుపోయిన కణాలను కోలుకునేలా చేసింది. నిజంగా గొప్ప పని. ఆ తర్వాత 49 మంది అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) రోగులపై పరీక్ష జరిగింది. కొందరికి పుర్రెను పైపైన మాత్రమే తొలిచి, జన్యువు ఇవ్వకుండా పోల్చి చూశారు. 2018లో వచ్చిన ఫలితాల్లో రెండు వర్గాలకూ తేడా లేదు. చనిపోయిన రోగుల మెదళ్లను పరిశీలిస్తే, ఆ ప్రొటీన్ చేరాల్సిన కణాలకు చేరనేలేదని 2020లో తేలింది. అందుకే 2021లో బీడీఎన్‌ఎఫ్ అనే మరో ప్రొటీన్ జన్యువును ఎంఆర్ఐలో చూస్తూ 12 మందికి ఇచ్చే కొత్త పరీక్షను తలపెట్టారు. పరిశోధన ఆగకూడదు, ఆగలేదు కూడా.

కానీ మన పత్రికల్లో కోతుల ముచ్చటే పతాక శీర్షిక అవుతోంది. పరీక్ష ఎవరిపై జరిగిందో, ఎంతమందిపైనో మొదటి పేరాలోనే రాయండి. బీ12 లోపం, థైరాయిడ్ వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గవచ్చని, ముందు ఆ రక్తపరీక్షలు చేయించుకోమని కూడా పక్కనే వేయండి.

- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం