వార్షిక నివేదిక: పక్కింటి కౌంటర్‌లో మన డబ్బు

అమెరికాలోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కాబట్టి వాటి గురించి మళ్లీ రాయను. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. క్రెడిట్ యూనియన్ల (సభ్యులే యజమానులుగా ఉండే సహకార బ్యాంకుల్లాంటివి) ఉమ్మడి శాఖల గురించి, అంటే ఒక యూనియన్ సభ్యుడు ఇంకో యూనియన్ కౌంటర్‌లో పని చేసుకునే ఏర్పాటు గురించి, పెట్టిన శనివారం క్లాసుల సంగతి మాత్రం కాస్త వివరంగా రాయాలి, అందులో మా తప్పు ఒకటి ఉంది గనక.

మొదటి క్లాసులో "క్రెడిట్ యూనియన్‌లో ఖాతా ఉంటే చాలు, అమెరికాలో ఏ యూనియన్ శాఖకు వెళ్లినా పనైపోతుంది" అని చెప్పేశాం. చెప్పింది నేనే. అది నిజం కాదు. కో-ఆప్ షేర్డ్ బ్రాంచ్ ఒప్పందంలో చేరిన యూనియన్ల మధ్యనే ఆ వెసులుబాటు. వాటికి దేశమంతటా సుమారు 5 వేల ఉమ్మడి శాఖలు, సర్‌ఛార్జీ (అదనపు రుసుము) లేని ఏటీఎంలు 30 వేలకు పైగా ఉన్నాయి. కొన్ని యూనియన్లు ఏటీఎంల వరకే చేరతాయి, శాఖల్లో చేరవు. బయటి సభ్యుడికి చేసిన ప్రతి పనికీ అతని యూనియన్ ఎంతో కొంత చెల్లించుకోవాలి మరి. ఆ నెట్‌వర్క్ నడిపే కో-ఆప్ సంస్థ 2024లో పీఎస్‌సీయూ అనే మరో సంస్థతో కలిసి వెలేరా అని పేరు మార్చుకుంది. తలుపుల మీద కొన్నిచోట్ల ఇంకా పాత గుర్తే కనిపిస్తుంది, కంగారు పడకండి.

రెండో పాఠం మన సభ్యుడొకాయన నేర్పారు. కూతుర్ని యూనివర్సిటీలో దింపడానికి వేరే రాష్ట్రం వెళ్లి, నగదు కోసం అక్కడి ఉమ్మడి శాఖకు వెళ్లారు. కౌంటర్‌లో అమ్మాయి అడిగినవి మూడే: మీ యూనియన్ పేరు, ఖాతా నంబరు, ఫొటో ఉన్న ఐడీ. ఈయన దర్జాగా డెబిట్ కార్డు చాపారు. దాని మీది 16 అంకెలు కార్డు నంబరు, ఖాతా నంబరు కాదు. చివరికి కార్లో కూర్చుని ఇంట్లో భార్యకు ఫోన్ చేస్తే, ఆవిడ బీరువా తీసి, ఖాతా తెరిచిన నాటి కాగితం వెతికి, ముందున్న సున్నాలతో సహా చదివి వినిపించారు.

ఏటీఎంల గురించి ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు మంచి ప్రశ్న వేశారు: "మన దగ్గర ఏ కార్డు ఏ మిషన్లో పెట్టినా డబ్బులొస్తాయి, ఇక్కడ ఎందుకీ గోల?" హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ (రిజర్వ్ బ్యాంకు పెట్టిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ) 2004లో మొదలుపెట్టిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ చలవ అది, బ్యాంకుల ఏటీఎంలన్నిటినీ కలిపే నెట్‌వర్క్ అన్నమాట. 2009 నుంచి దాన్ని ఎన్‌పీసీఐ (నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్) చూసుకుంటోంది. ఇక్కడా డబ్బులొస్తాయి, కాకపోతే నెట్‌వర్క్ బయటి మిషన్ అయితే దాని యజమాని ఒక ఛార్జీ, కొన్నిసార్లు మన యూనియన్ ఇంకొకటి, రెండు వాతలు పడతాయి. కార్డు వెనక ఉన్న గుర్తు మిషన్ మీద కూడా ఉందో లేదో చూసుకోండి.

"డబ్బు భద్రమేనా?" అని ప్రతి క్లాసులోనూ అడిగారు. ఎవరి కౌంటర్‌లో వేసినా అది చేరేది మీ యూనియన్ ఖాతాకే. ఫెడరల్ బీమా ఉన్న యూనియన్ అయితే ఒక్కో సభ్యుడికి 2,50,000 డాలర్ల దాకా ఎన్‌సీయూఏ (క్రెడిట్ యూనియన్లను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ) పూచీ ఉంటుంది.

మనకూ ఒక దెబ్బ తగిలింది. ఉగాది స్టాళ్ల చిల్లర నోట్ల సంచీ పట్టుకుని దగ్గరి ఉమ్మడి శాఖకు వెళ్తే, సంస్థల ఖాతాలు అక్కడ తీసుకోరన్నారు. వ్యక్తిగత ఖాతాలకేనట. కోశాధికారి గారు ఆ సంచీతో 40 మైళ్లు వెళ్లి మన యూనియన్ సొంత శాఖలో జమ చేసి వచ్చారు. పెట్రోలు ఖర్చు ఆయన అడగలేదు, మేమే లెక్కల్లో రాశాం.

వచ్చే ఏడాది కొత్త విద్యార్థులకు ఆగస్టులోనే క్లాసు పెడుతున్నాం. ఖాతా ఉన్నవాళ్లు ఖాతా నంబరు తెలుసుకుని రండి. కార్డు చూపిస్తే ఒప్పుకోం.

ఇట్లు,
కార్యదర్శి