ట్రాకర్ తీసేయకు తల్లీ

మల్లేశ్వరం, బెంగళూరు,
బుధవారం రాత్రి

అమ్ములూ,

ఇక్కడ అందరం బాగున్నాం. సంపు కడిగించాం. పెద్దత్త మోకాలు కాస్త తగ్గింది, పదిహేనో క్రాస్ దాకా నడుస్తోంది. అనపకాయలు వచ్చాయి. నిన్న పితకపప్పు చేసి, గిన్నె ముందు పెట్టుకుని మీ అమ్మ నీ పేరే ఎత్తింది. నువ్వు ఫోన్ చేసి పది రోజులైంది.

నువ్వు గ్లైడర్‌లో, అదే ఆ ఇంజను లేని విమానంలో, ఎగురుతుంటే ఎక్కడున్నావో మాకు మ్యాప్ మీద చుక్కలుగా చూపించే ట్రాకర్ చందా ఆపేస్తున్నావని రాజు అన్నాడు. ఆ ఆదివారం చుక్క ఆగిపోయి నేను టెన్షన్ పడ్డాననేనా? ఇక్కడ పొద్దున ఏడున్నర, మీ న్యూజిలాండ్ ఒమరామాలో మధ్యాహ్నం మూడు. గంటన్నర చుక్క కదల్లేదు. చార్జింగ్ అయిపోయిందని నువ్వు మెసేజ్ పెట్టేదాకా మేమిద్దరం కాఫీ కూడా తాగలేదు. అయినా నా టెన్షన్ సంగతి వదిలేయ్.

ఆపదలో నొక్కే బీకన్ ఉంది, చాలు అన్నావట. అది మంచిదే. చందా లేదు, బ్యాటరీ ఏళ్లపాటు ఉంటుంది, 406 మెగాహెర్ట్జ్ మీద 5 వాట్లతో ఉపగ్రహాల ద్వారా సిగ్నల్ రెస్క్యూ వాళ్లకే చేరుతుంది. మన పీణ్యాలో ఇస్రో వాళ్ల ఇస్ట్రాక్ దగ్గరా ఆ సిగ్నళ్లు అందుకునే కేంద్రం ఉంది. ఇరవై ఏళ్లు ఆ దారినే డ్యూటీకి వెళ్లాను. కానీ నీ చిన్న బీకన్‌కి యాంటెన్నా విప్పి నువ్వే నొక్కాలి కదా. స్పృహ లేకపోతే ఎవరు నొక్కుతారు? ట్రాకర్ అయితే అప్పటికే దారి పొడుగునా చుక్కలు పెట్టి ఉంటుంది. ఆఖరి చుక్క దగ్గర వెతకడం మొదలుపెట్టొచ్చు. అమెరికా పైలట్ స్టీవ్ ఫాసెట్‌ను చూడు, గ్లైడర్‌లో 50 వేల అడుగులు దాటినవాడు. 2007 సెప్టెంబరులో చిన్న విమానంలో నెవాడాలో బయల్దేరాడు, బీకన్ సిగ్నల్ ఏదీ అందలేదు. శకలాలు దొరికేసరికి 2008 అక్టోబరు వచ్చింది.

నీకు ఐదేళ్లప్పుడు బసవనగుడి వేరుశనక్కాయల జాతరలో, అదే కడలెకాయ్ పరిషెలో, తప్పిపోయావు, గుర్తుందా? చేయి పట్టుకునే ఉన్నాను. వేరుశనక్కాయలకు డబ్బులు తీస్తూ వదిలాను, అంతే. అమ్మ ముందుజాగ్రత్తగా నీ గౌను జేబులో ఫోన్ నంబరు చీటీ పెట్టింది. పూలమ్మే ఆవిడ నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చీటీ చూసి, ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేయించింది. అది శ్రీరాంపురం ఇంటి నంబరు. మనం ఖాళీ చేసి రెండు నెలలు. ఎవరో ఎత్తి, రాంగ్ నంబర్ అని పెట్టేశారు. నేను గుడి మెట్ల నుంచి గాంధీ బజార్ దాకా ఎన్నిసార్లు తిరిగానో. రెండు గంటల తర్వాత కనిపించావు, ఒళ్లో కనకాంబరాలతో. ఏడవలేదు కూడా. అమ్మకు పావుగంట అని చెప్పాను. ఇప్పటికీ అంతే అనుకుంటోంది.

ఎందుకు చెప్తున్నానంటే, బీకన్ రిజిస్టర్ చేసినప్పుడు మన ల్యాండ్‌లైన్ నంబరు ఇచ్చావు. అది పోయినేడాది తీయించేశాం. సిగ్నల్ వస్తే రెస్క్యూ వాళ్లు అక్కడ ఇచ్చిన నంబర్లకే చేసి కనుక్కుంటారు. నా సెల్‌ది, రాజుది, అక్కడ నీ క్లబ్బులో ఒకరిది పెట్టు. బీకన్ సీటు వెనక సంచిలో పడేయకు, పారాచూట్ పట్టీకి కట్టుకో. సంచిలో ఉంటే, దూకాల్సి వచ్చినప్పుడు గ్లైడర్‌తో పాటే పోతుంది. ట్రాకర్ రాత్రే చార్జింగ్‌లో పెట్టు. చందా నేను కడతాను, కాదనకు. స్వెట్టర్ వేసుకుంటున్నావా? పైన చలి ఎక్కువ.

ఈ ఆదివారం ఎగిరితే, దిగగానే ఒక మెసేజ్ పెట్టు. నంబర్లు మార్చాక ఆ పేజీ ఫోటో తీసి పంపు. ఏడింటి నుంచి ఫోన్ నా దగ్గరే ఉంటుంది.

నాన్న