మెట్ల కింది కేబుల్ డబ్బాకు తాళం వేయండి

సంపాదకులకు నమస్కారం.

నేను టెలిఫోన్ శాఖలో 31 ఏళ్లు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. మొన్న మా దగ్గర జరిగింది నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా రెండో అంతస్తులో ఒక పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. పొద్దుగూకితే ఆమెకు టీవీయే తోడు. ఆ టీవీ తొమ్మిది రోజులు సరిగ్గా రాలేదు. బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోయేది, లేకపోతే ‘నో సిగ్నల్’ అని చూపేది. కేబుల్ పిల్లగాడు నాలుగుసార్లు వచ్చి సెట్‌టాప్ బాక్సు మార్చాడు, ఇంట్లో వైరు మార్చాడు. ఒకరోజు బాగుంటే రెండు రోజులు పోయేది. మెట్ల మీద నిలబెట్టి అందరం అతణ్ణి మాటలన్నాం. నేనూ అన్నాను.

పదో రోజు టార్చి పట్టుకుని, ఫ్లాట్లకు కేబుల్ వైర్లు చీలే మెట్ల కింది డబ్బా దగ్గరికి నేనే పోయాను. మూత ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది. పెద్దమ్మ ఇంటికి పోయే వైరును మధ్యలో కోసి, ఒక లైనును రెండుగా చీల్చే స్ప్లిటర్ పెట్టి, ఇంకో వైరును పైపుల సందులోంచి పైకి లాగారు. కనెక్టర్ కూడా లేదు, రాగి తీగ మెలిపెట్టి టేపు చుట్టారు. ఆ వైరు వెంట పోతే మా నాలుగో అంతస్తులోనే తేలింది. అక్కడివాళ్లు ఊళ్లో తమ ఇంటి బాక్సును ఇక్కడికి తెచ్చుకుని, కొత్త లైనుకు పైసలెందుకని సొంతంగా కలుపుకున్నారు.

స్ప్లిటర్ పెడితే ఒక్కో దారికి సగం సిగ్నల్ కూడా అందదు. డిజిటల్ రాకముందు, అనలాగ్ రోజుల్లో బొమ్మ మీద చుక్కలొచ్చేవి, లైనులో తేడా ఉందని తెలిసేది. డిజిటల్ ఒక హద్దు దాకా అద్దంలా ఉండి, ఆ హద్దు దిగితే ఒక్కసారిగా పోతుంది. అందుకే అందరూ బాక్సునే అనుమానిస్తారు. పైగా తొడుగు లేని రాగి తీగ బయటి తరంగాలను లోపలికి లాగి మిగతా ఫ్లాట్లనూ పాడుచేస్తుంది.

పట్టణాల్లో కేబుల్ టీవీ డిజిటల్‌కు మారడానికి 2015 డిసెంబరు 31 గడువు పెట్టినప్పుడు, ఇక కేబుల్ దొంగతనాలు ఉండవనుకున్నాను. బాక్సు లేకుండా వైరు గుచ్చితే బొమ్మ వచ్చే రోజులు పోయిన మాట నిజమే. కానీ బాక్సులో ఉండే తాళం చానళ్లకే, డబ్బాలోని వైర్లకు కాదు. మా డబ్బాలో సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్‌కు 230 వోల్టుల కరెంటు ఉంది. సెలవుల్లో పిల్లలు దాని పక్కనే దాగుడుమూతలు ఆడతారు. అది తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

మేం ఫ్లాటుకు 110 రూపాయలు వేసుకుని ఇనుప డబ్బా చేయించాం. ఒక తాళంచెవి అసోసియేషన్ దగ్గర, ఒకటి ఆపరేటర్ దగ్గర. ప్రతి వైరుకూ ఫ్లాటు నంబరు కట్టాం, స్ప్లిటర్ల ఖాళీ రంధ్రాలకు సిగ్నల్ వెనక్కి తిరగకుండా టెర్మినేటర్ అనే మూతలు బిగించాం. ఎవరు డబ్బా తెరిచినా నోటుబుక్కులో తేదీ, సంతకం ఉండాలి.

ఓనర్లకు ఒక మాట. కిరాయికి ఉన్నవాళ్లు ఖాళీ చేసినప్పుడు ఆపరేటర్‌కు చెప్పి ఆ లైను తీయించండి. వదిలేసిన వైరులో సిగ్నల్ అలాగే ఉంటుంది, చేతులు ముందు దాని మీదకే పోతాయి. రెండో టీవీ కావాలంటే అడిగి పెట్టించుకోండి. రెండో టీవీకి నెట్‌వర్క్ చార్జీ, అంటే చానళ్ల ధర కాక కనెక్షన్‌కు నెలనెలా కట్టేది, మొదటిదాంట్లో 40 శాతం మించొద్దని 2020లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది. 2024లో ఆ చార్జీల నిర్ణయం ఆపరేటర్లకే వదిలేసినా, మా ఆపరేటర్ అడిగితే తగ్గించే ఇచ్చాడు. కొత్త అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు కరెంటు వైర్లకు పైపులు వేసినట్టే కేబుల్‌కూ పైపు, తాళం ఉన్న డబ్బా మొదట్లోనే పెట్టాలి. గోడల మీద వేలాడే వైర్లను ఎవరు ఎప్పుడు కోశారో ఎవరికీ తెలియదు.

కేబుల్ పిల్లగాణ్ణి పిలిచి తప్పయిందని చెప్పాను. ఆ రోజు మాటలన్న మిగతావాళ్లు కూడా చెప్పాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత లైన్‌మన్, దేవరకొండ రోడ్డు, నల్లగొండ