ఆ వెయ్యేళ్లూ చీకటేనా?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో పాశ్చాత్య కళ గురించి వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదుటపడక ఈ లేఖ రాస్తున్నాను. రోమ్ పతనం తర్వాత వెయ్యేళ్లపాటు యూరప్‌లో కళ అన్నదే లేదనీ, లియొనార్డో, మైకలాంజెలో వచ్చి దానికి ప్రాణం పోశారనీ ఆ వ్యాసకర్త తేల్చేశారు. ఇది పూర్తిగా తప్పు.

ఇటలీలోని రవెన్నాలో 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ వితాలే చర్చి గోడల మీద తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్, ఆయన రాణి థియొడోరా పరివారంతో సహా చిన్న చిన్న గాజుముక్కల్లో నేటికీ మెరుస్తున్నారు. ఇక అదే దేశంలో పాదువాలోని అరీనా ప్రార్థనా మందిరంలో 1305 ప్రాంతంలో జొట్టో అనే చిత్రకారుడు వేసిన, చనిపోయిన ఏసు కోసం అయినవాళ్లు విలపించే దృశ్యాన్ని ఒక్కసారి చూడండి. తల్లి కొడుకు ముఖం మీదికి వంగి ఉంటుంది. ముందు ఇద్దరు మనవైపు వీపు పెట్టి నేల మీద కూర్చుంటారు. వాళ్ల ముఖాలు కనిపించకపోయినా, వంగిన ఆ భుజాలను చూస్తే మనకే గొంతు పూడుకుపోతుంది. లియొనార్డో పుట్టింది 1452లో. కళకు పునర్జన్మ కలిగిందన్న మాటను 1550లో ప్రచారంలోకి తెచ్చిన ఇటలీ రచయిత వసారి కూడా చిత్రకారుల చరిత్రలను లియొనార్డో కన్నా ముందటి చిత్రకారులైన చిమబూయె, జొట్టోలతోనే మొదలుపెట్టాడు.

అదే వ్యాసంలో చక్రం విసిరే వీరుడి పాలరాతి విగ్రహాన్ని ప్రాచీన గ్రీకు శిల్పి మైరన్ స్వయంగా చెక్కినట్లు ఫొటో కింద వేశారు. మైరన్ చేసింది కంచు విగ్రహం. అది ఏనాడో పోయింది. మనకు మిగిలినవి రోమన్లు చేయించుకున్న పాలరాతి నకళ్లు. అచ్చుకు పోయే ముందు ఎవరైనా సరిచూస్తే ఈ పొరపాటు దొర్లేదా?

నేను ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. నా పీరియడ్‌ను లెక్కలకో, సైన్సుకో ఇచ్చేయమని ప్రతి ఏడాదీ పరీక్షల ముందు అడిగేవారు. అధికారులకు చెప్పుకున్నా వినేవారు కాదు. బడిలో దొరకని ఈ చరిత్ర పిల్లలకు పత్రికలోనైనా దొరుకుతుందని ఆశపడే నాలాంటి వాళ్లకు, పోటీ పరీక్షల గైడ్లలోని 'చీకటి యుగం' అన్న ముక్కే మీ పేజీల్లోనూ కనిపిస్తే బాధగా ఉంటుంది. ఆ గైడు చదివే మా మనవడు మీ వ్యాసాన్నే సాక్ష్యంగా చూపించి నాతో వాదించాడు.

దయచేసి ఈ రెండు తప్పులకూ అదే అనుబంధంలో, అదే పేజీలో సవరణ వేయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
తెనాలి.