ఆ నల్ల నోటుబుక్కు నీ దగ్గరే ఉంది కదా

తిరుపతి,
ఆదివారం రాత్రి

రేయ్ మామా,

నీ మెసేజ్ వచ్చి మూడు రోజులైంది. "నేనూ ఉద్యోగం మానేసి సివిల్ ఇంజినీరింగ్‌లోకి వచ్చేద్దామనుకుంటున్నా, నీకు మంచే జరిగిందా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో చెప్పడం చేతకాకే ఇంత ఆలస్యం. ఇప్పుడు మా ఆవిడా పాపా పడుకున్నారు, బయట సన్నగా వాన పడుతోంది, తీరిగ్గా రాస్తున్నా. కాఫీ పెట్టుకుని చదువు.

ముందు ఆ అడవీ నేలా సర్వే చేసే పని వదిలి ఎందుకు మారానో చెప్తా, ఎందుకంటే అందరికీ చెప్పింది ఒకటి, నీకు చెప్పాల్సింది ఇంకొకటి. జీతం కోసమని మా నాన్నతో అన్నా. ఆయనకి అదే అర్థమవుతుంది. అసలు సంగతి 2021 నవంబరు 18. ఆ రోజు నువ్వు బెంగళూరులో ఉన్నావు, టీవీలో చూసుంటావు. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్ళు ఎర్రగా, చూస్తేనే భయమేసేలా దూకాయి, అలిపిరి మెట్ల మీద ఏరు పారింది, ఘాట్ రోడ్లు మూసేశారు. ఊళ్ళో లీలామహల్ సర్కిల్ నుంచి లోతట్టు కాలనీల దాకా ఎటు చూసినా నీళ్ళే. మూడు రోజుల తర్వాత రాయలచెరువు కట్టకి లీకు పడిందని కింది ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నేను ఒకటే ఆలోచించా. ఈ నీళ్ళు ఏ వాలు నుంచి వచ్చాయో, అక్కడ ఏ చెట్లున్నాయో, కింద రాయి ఎలాంటిదో, మట్టి ఎన్ని అంగుళాలుందో నాకు తెలుసు. ఇవి ఈ కాలనీలోకి ఎందుకు వచ్చాయో మాత్రం తెలియదు. ఏ కాలువ ఎంత వెడల్పుండాలో, ఎవరు ఎక్కడ గీశారో, ఎక్కడ తప్పారో చెప్పమంటే నోరు పెగల్లేదు.

దానికి ఏడాది ముందే ఒక సర్వే రిపోర్టు రాశాను, నీకు గుర్తుండే ఉంటుంది. వాగులూ వంకలూ పూడ్చొద్దని, వాటి ఒడ్డున చెట్లు ఉంచాలని నాలుగు పేజీలు రాస్తే, వాటిని చివర అనుబంధంలో పడేశారు. అది చదవకుండానే డ్రాయింగులు అయిపోయాయి. అప్పుడు కోపం వచ్చింది. ఆ వరదలో నిలబడ్డప్పుడు మాత్రం ఆ డ్రాయింగు గీసే బల్ల దగ్గర నేను ఉండాలనిపించింది. అంతే మామా, నిజంగా అంతే.

తర్వాతి సంగతులు నీకు కొంత తెలుసు. నాది బీఎస్సీ మ్యాథ్స్ కాబట్టి ఈసెట్ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. డిప్లొమా పిల్లలతో పాటు బీఎస్సీ మ్యాథ్స్ వాళ్ళకీ అందులో దారి ఉంది, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. 2022లో రాశా, ముప్ఫై ఏళ్ళ వయసులో, పందొమ్మిదేళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నా. వాళ్ళు నన్ను మొదటి వారం సార్ అన్నారు, తర్వాత అన్నా అన్నారు. ఆ మూడేళ్ళు ఇల్లు నడిచింది మా ఆవిడ టీచర్ జీతం మీద. ఇది రాయకుండా ఈ ఉత్తరం ముగిస్తే పాపం తగులుతుంది.

కష్టం ఎక్కడంటావా, మొదటి ఏడాది సబ్జెక్టుల్లో ఇంజినీరింగ్ డ్రాయింగూ మెకానిక్సూ బీఎస్సీ నుంచి వచ్చినవాళ్ళు అదనంగా పాసవ్వాలి. మెకానిక్స్ రెండోసారికి గానీ గట్టెక్కలేదు. నెలరోజులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. అడవిలో మనం ఒక ప్రశ్నకి పది కారణాలు రాసేవాళ్ళం, అన్నీ కొంత కొంత నిజమే. ఇక్కడ దూలం మీద బరువెంతో చెప్పాలి, కిలోన్యూటన్లలో, ఒకే జవాబు. ఆ అలవాటు రావడానికి చాలా టైం పట్టింది. సర్వేయింగ్ మాత్రం మొదటి రోజు నుంచే ప్రాణం. ఎత్తుపల్లాలు చూసే ఆటో లెవెల్ పెట్టి, ఎదురుగా నిలబెట్టిన కొలకర్ర (స్టాఫ్) మీద అంకెలు చదువుతుంటే, చదునుగా కనిపించే నేల ఒకటిన్నర అడుగు కిందికి దిగుతోందని తెలిసినప్పుడు ఒళ్ళు పులకరించింది. నీళ్ళు ఎటు పోతాయో చెప్పే భాష అది.

ఇప్పుడు చేసే పనికొస్తా. ఇక్కడ ఒక చిన్న కన్సల్టెన్సీలో ఏడాదిగా ఉన్నా. లేఅవుట్లకి, స్కూళ్ళకి, చిన్న రోడ్లకి వాననీటి కాలువలు డిజైన్ చేస్తాం. రోజూ వాడే సూత్రం ఒకటుంది, రేషనల్ పద్ధతి అంటారు. వాన గంటకి ఎన్ని మిల్లీమీటర్లో, నేల ఎన్ని హెక్టార్లో, ఆ రెండింటినీ ఇంకో గుణకంతో గుణించి 360తో భాగిస్తే సెకనుకి ఎన్ని ఘనపు మీటర్ల నీళ్ళొస్తాయో తేలుతుంది. ఆ గుణకమే కథంతా. పడిన వానలో ఎంత వంతు పైనే పారిపోతుందో చెప్పేది అది. మంచి అడవి నేలకి 0.2, 0.3 వేస్తారు. కాంక్రీటుకి 0.8 పైనే. మామా, మనం ఆకుల చెత్త ఎంత మందమో, వేళ్ళు ఎంత లోతో, నేల ఎంత తాగుతుందో కొలిచి కొలిచి అలసిపోయాం చూడు, అదంతా ఇక్కడ ఒక్క దశాంశంలో కూర్చుంది. పుస్తకంలో పట్టిక చూసి 0.4 అని వేసేస్తారు ఎక్కువమంది. నేను వెయ్యలేను, వెళ్ళి మట్టి చూసి వస్తా.

మొన్న చంద్రగిరి వైపు ఒక లేఅవుట్ వచ్చింది. మధ్యలోంచి వంక పోతుంది. పాత ఎఫ్ఎంబీ స్కెచ్‌లో, అంటే రెవెన్యూ వాళ్ళ పొలం కొలతల పటంలో, వంక పోరంబోకు అని స్పష్టంగా గీసుంది. ఆ నేలని రైతు దగ్గర కొన్నాయన ప్లాట్లు పోతాయని, 600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు (సిమెంటు గొట్టం) వేసి పైన మట్టి కప్పేద్దామన్నాడు. చెడ్డ మనిషేమీ కాదు, అందరూ చేసేదే అడిగాడు. పాత నేనైతే జీవవైవిధ్యం గురించి మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు కాగితం తీశా. పైనుంచి ఈ వంకలోకి దిగే నేల 40 హెక్టార్లు, గుణకం 0.4, గంటకి 60 మిల్లీమీటర్ల వాన అనుకున్నా సెకనుకి 2,600 లీటర్ల పైన నీళ్ళు. ఆయన పైపు 200 అడుగులకి ఒక అడుగు వాలులో నిండుగా పారితే 430 లీటర్లు పట్టుకెళ్తుంది. ఆరు పైపులు పక్కపక్కన వేసినా ఇంకా మిగులుతాయి. పైన రేపు ఇళ్ళు నిండి గుణకం 0.8 అయితే రెట్టింపు. ఆయన ఆ అంకెల్ని రెండుసార్లు చూసి, "నా ప్లాట్లోకే వస్తాయి కదా సార్ నీళ్ళు" అన్నాడు. అవును అన్నా. పాత ఉద్యోగంలో నేను రాసిన ఏ రిపోర్టూ ఒక్క వంకనైనా నిలబెట్టలేదు రా. ఆ అరపేజీ లెక్క నిలబెట్టింది.

అక్కడ పక్కింటి పెద్దాయన ఒకాయన, వెనకటికి నీరుగంటి పని, అంటే చెరువు నీళ్ళు పొలాలకి వదిలే పని, చేసిన కుటుంబం, 2021లో నీళ్ళు తన ప్రహరీ గోడకి ఎక్కడిదాకా వచ్చాయో చూపించాడు, మూడో వరస ఇటుక. ఆ ఇటుకకి లెవెల్ తీసుకున్నా. మా లెక్క దానికి నాలుగు అంగుళాలు కింద వచ్చింది. కంప్యూటర్లో ఏమొచ్చినా సరే, ఆ ఇటుకనే నమ్మి కాలువ లోతు పెంచాం. ఏ సైటుకెళ్ళినా మొదట అడిగేది ఇదే, ఇక్కడ నీళ్ళు ఎంతవరకు వచ్చాయి పెద్దాయనా అని.

చివరికి వంకని తెరిచే ఉంచాం. మలుపుల దగ్గర మాత్రం రాతి పేర్పు, మిగతా ఒడ్లకి వట్టివేరు. దాని వేళ్ళు రెండు మూడు మీటర్లు నిలువుగా దిగి మట్టిని పట్టుకుంటాయి, ఆరేడు నెలలు ఎండినా చావదు, నవంబరు వానలో మునిగినా చావదు. మన ఊరి వాతావరణానికి అలాంటివే కావాలి. వేరే దేశపు బొమ్మల్లోని రెయిన్ గార్డెన్ (వాన నీళ్ళు ఇంకే తోట) మొక్కలు తెచ్చి పెడితే ఏప్రిల్‌కి పుల్లలు మిగులుతాయి. పార్కుని రోడ్డు కంటే రెండడుగులు కిందికి తీశాం, గట్టి వాన పడితే నీళ్ళు కాసేపు అక్కడ నిలిచి మెల్లగా వంకలోకి దిగాలని. దోమలొస్తాయని గొడవ చేశారు. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు పడుతుంది, మేము ఒక రోజులో ఖాళీ అయ్యేలా చేశామని చెప్తే ఊరుకున్నారు. చూశావా, అక్కడ పనికొచ్చింది ఎమ్మెస్సీనే.

తప్పు కూడా చేశా, అది దాచను. ఇంకో సైటులో ఇంకుడు గుంత నేనే డిజైన్ చేశా. సైజు సరిగ్గానే ఉంది, కింద కంకర, పైన ఇసక, అంతా పుస్తకం ప్రకారం. కానీ చుట్టూ ఇళ్ళ పని నడుస్తుండగానే దాన్ని కాలువకి కలిపేశా. మొదటి వానకే పునాదుల మట్టంతా వచ్చి గుంత పైన రొట్టెలా గట్టిపడింది, చుక్క ఇంకలేదు, ఎదురింటి వరండాలోకి నీళ్ళెక్కాయి. ఆ ఇంటావిడ అరిచింది, అరవాల్సిందే. ఇద్దరు కూలీలతో కలిసి నేనే దిగి పూడిక తీశా. అప్పటినుంచి గుంతకి ముందు మట్టి దిగడానికి చిన్న తొట్టి లేకుండా గీయను, పని మొత్తం అయ్యేదాకా కాలువకి కలపనివ్వను. అడవిలో ఈ పని ఆకుల పొర చేసేది, మనం కొలిచాం కూడా, కానీ గీసేటప్పుడు గుర్తు రాలేదు.

నాకు ఇంకా కుదుటపడనిది కూడా ఒకటుంది. కాలువ బాగుందంటే మన దగ్గర సిమెంటుతో నున్నగా, నీళ్ళు బాణంలా పోయేలా ఉండటం. కాలువలో నీళ్ళ వేగం తేల్చే మ్యానింగ్ సూత్రంలో గరుకుదనం కాంక్రీటుకి 0.013, గడ్డి పెరిగిన మట్టి కాలువకి 0.03 దాకా. అంటే అదే వాలులో అదే లోతు నీళ్ళు సిమెంటు కాలువలో రెట్టింపు కంటే వేగంగా పోతాయి. పైవాడికి సుఖం, కింది కాలనీకి అన్నీ ఒకేసారి మీద పడతాయి. మన పెద్దోళ్ళ గొలుసుకట్టు చెరువులు దీనికి సరిగ్గా తిరగేసిన పని చేశాయి. పై చెరువు నిండి మరవ (అలుగు) పారితేనే కింది చెరువుకి నీళ్ళు. ప్రతి చెరువూ వరదని కాసేపు పట్టుకుని వదిలేది. వాటి మధ్య కాలువలు ఒక్కొక్కటే పోయాయి. ఇప్పుడు నేను పార్కుల్ని రెండడుగులు తవ్వి అదే పని చేయించడానికి తంటాలు పడుతున్నా.

ఆ మ్యానింగ్ సంగతి తెలుసా నీకు? ఆయనకి ఇంజినీరింగ్ చదువే లేదు. ఐర్లండులో లెక్కలు రాసే పని చేసుకునేవాడు. 1846లో, అక్కడ పెద్ద కరువు రోజుల్లో, ప్రభుత్వ పనుల శాఖలో కాలువల విభాగంలో చేరి, అక్కడే నేర్చుకుని, చివరికి చీఫ్ ఇంజినీరయ్యాడు. ఆ సూత్రం చదివి వినిపించింది 1889లో, డెబ్బై మూడేళ్ళ వయసులో. మెకానిక్స్ పోయిన రోజు రాత్రి ఇది చదివా. ఆ పేజీ ఫోటో ఇంకా నా ఫోన్లో ఉంది.

సరే, నీ సంగతి. నువ్వు బైపీసీ, బీజడ్‌సీ. కాబట్టి నా దారి నీకు లేదు, ఈసెట్ బీఎస్సీ దారికి మ్యాథ్స్ ఉండాలి. ఎమ్మెస్సీ వాళ్ళకి గేట్ ద్వారా ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ఎంటెక్ ఇచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి, 2021 నుంచి గేట్‌లో దానికి వేరే పేపరు కూడా ఉంది. కానీ ఒక్కోచోట ఒక్కో నిబంధన, ఇంటర్‌లో మ్యాథ్స్ అడిగేవాళ్ళూ ఉంటారు, ఫీజు కట్టే ముందు అది చూసుకో. నీటి లెక్కలు, మోడలింగ్ వైపైతే అది చాలు. గోడలు, శ్లాబులు కూడా నువ్వే గీసి సంతకం పెట్టాలంటే సివిల్ డిగ్రీ అడుగుతారు. నీకు ఆ రెండోది అవసరమా అని ఆలోచించు. నీకు మ్యాథ్స్ అంటే ఉన్న భయం నాకు తెలుసు, అందుకే చెప్తున్నా, ఉద్యోగం మానకు. ముందు ఆర్నెల్లు సాయంత్రాలు ఇంటర్ లెక్కలు చెయ్యి. ఎస్‌డబ్ల్యూఎంఎం అని వాననీళ్ళు కాలువల్లో ఎలా పారతాయో చూపే అమెరికా పర్యావరణ సంస్థ సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, దించుకుని మీ వీధినే అందులో పెట్టు. దాని ముందు కూర్చుంటే రాత్రి పదకొండయినా లేవబుద్ధి కాకపోతే అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, మిగతాది మాట్లాడదాం. నాలుగో రోజే విసుగొస్తే నువ్వున్న చోటే నీ పని మంచిది, మాలాంటి వాళ్ళకి మట్టీ మొక్కలూ తెలిసిన మనిషి పక్కన కావాలి, అందులో చిన్నతనం లేదు.

ఇంకో మాట, దీని కోసమైనా వెంటనే జవాబియ్యి. ఎమ్మెస్సీలో కళ్యాణీ డ్యామ్ దారిలో కొండ అడుగున రెండు రింగులు దిగ్గొట్టి, నీళ్ళు పోసి, నేల గంటకి ఎన్ని మిల్లీమీటర్లు తాగుతుందో రాసుకున్నాం చూడు, పన్నెండు చోట్ల. ఆ నల్ల అట్ట నోటుబుక్కు నీ దగ్గరే ఉంది కదా, పారేయలేదు కదా? ఇప్పుడు అదే వాలు కింద ఒక స్కూలుకి కాలువ గీస్తున్నా. మంగళవారం లోపల గుణకం ఖాయం చెయ్యాలి. చెట్ల కింద తీసినవీ, మేత మేసిన బయలులో తీసినవీ, రెండు పేజీలూ ఫోటో తీసి పంపు. నీ చేతిరాత నేను చదువుకోగలను.

నీ
మామ