రౌటర్ పాస్‌వర్డ్ ఇంటివాళ్లకు ఎందుకు ఇవ్వరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రికలో కొత్త ఫోన్ల గురించి, వాటి కెమెరాల గురించి చాలా వస్తుంది, నేనూ చదువుతాను. కానీ ఆ ఫోన్లన్నిటికీ ఇంట్లో నెట్ అందించేది టీవీ వెనకో బీరువా మీదో దుమ్ము పట్టి ఉండే రౌటర్, దాని సంగతి ఎవరూ రాయరు. మొన్న మా ఇంట్లో జరిగింది చెప్తాను, ఎందుకు రాయాలో మీకే తెలుస్తుంది.

నెట్ నెమ్మదిగా వస్తోందని మా అబ్బాయి రౌటర్ వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కి పట్టుకున్నాడు. ఆఫ్ చేసి ఆన్ చేయడం, రీసెట్ చేయడం రెండూ ఒకటే అనుకున్నాడు, నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆఫ్ చేసి ఆన్ చేస్తే సెట్టింగులన్నీ అలాగే ఉంటాయి. పిన్నుతో నొక్కితే మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. వైఫై పేరు పోయింది, పాస్‌వర్డ్ పోయింది, అంతకంటే ముఖ్యంగా కంపెనీ వాళ్లు మొదటి రోజు లోపల ఎక్కించిన కనెక్షన్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ పోయాయి. లైట్లు వెలుగుతున్నాయి, ఫోన్ వైఫైకి కనెక్ట్ అవుతోంది, నెట్ మాత్రం రాదు. కంపెనీకి ఫోన్ చేస్తే మనిషిని పంపుతామన్నారు, ఆ మనిషి రావడానికి నాలుగు రోజులు పట్టింది. పిల్లలకు ఆన్‌లైన్ పరీక్ష, నాకు ఆఫీసు పని, ఆ నాలుగు రోజుల టెన్షన్ ఇంతా అంతా కాదు. వచ్చినాయన ఐదు నిమిషాల్లో నాలుగు గళ్లు నింపేసి వెళ్లిపోతుంటే, ఆ వివరాలు ఒక కాగితం మీద రాసివ్వండి అని అడిగాను. "అవి మీకెందుకమ్మా" అన్నాడు.

ఆ మాట దగ్గరే నాకు బాధేసింది. కనెక్షన్ మా పేరు మీద ఉంది, బిల్లు మేం కడుతున్నాం, దాని వివరాలు మాకెందుకు అంటే ఎలా?

తర్వాత కూర్చుని నేర్చుకున్నాను. మనలో చాలామందికి రౌటర్ అంటే తెలిసింది ఒకటే పాస్‌వర్డ్, చుట్టాలొస్తే చెప్పే వైఫై పాస్‌వర్డ్. నిజానికి మూడు ఉంటాయి. రెండోది అడ్మిన్ పాస్‌వర్డ్, రౌటర్ లోపలికి వెళ్లి ఏదైనా మార్చాలంటే అడిగేది. మూడోది కనెక్షన్‌ది, మన రౌటర్ కంపెనీ వాళ్ల దగ్గర తనెవరో చెప్పుకోవడానికి వాడేది, దీన్నే పీపీపీఓఈ అంటారు. అన్ని కనెక్షన్లకూ ఈ మూడోది ఉండదు, కొన్నిచోట్ల వైరు గుచ్చగానే అడ్రస్ దానంతటదే వచ్చేస్తుంది, కొన్నిచోట్ల స్టాటిక్ ఐపీ అని కొన్ని అంకెలు ఇస్తారు. మనది ఏ రకమో రౌటర్‌లో వ్యాన్ (WAN) అని గానీ ఇంటర్నెట్ అని గానీ ఉన్న పేజీలో కనిపిస్తుంది. అక్కడే వీల్యాన్ ఐడీ (VLAN ID) అని ఒక అంకె ఉండొచ్చు, కంపెనీ ఇచ్చిన అంకె కాకుండా ఇంకోటి పెడితే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా నెట్ రాదు. ఎంటీయూ (MTU) అని ఇంకో గడి ఉంటుంది, ఒక్కో విడతలో పంపే డేటా ముక్క ఎంత పెద్దదో చెప్పే అంకె అది. పీపీపీఓఈలో అది మామూలుగా 1492 ఉంటుంది, అసలు 1500లో 8 బైట్లు ఆ పద్ధతికే పోతాయి. అది తప్పుగా ఉంటే కొన్ని సైట్లు చక్కగా తెరుచుకుని కొన్ని సగంలో ఆగిపోతాయి, మనం లైను బాగాలేదని తిట్టుకుంటాం.

లోపలికి వెళ్లడం కష్టమేమీ కాదు. వైఫైకి కనెక్ట్ అయి బ్రౌజర్‌లో 192.168.1.1 అనో 192.168.0.1 అనో కొడితే లాగిన్ పేజీ వస్తుంది, అది రాకపోతే ఫోన్‌లో వైఫై వివరాల దగ్గర గేట్‌వే అని చూపించే నంబరు కొట్టాలి. చాలా రౌటర్లకు కింద స్టిక్కర్ మీద ఇవన్నీ ఉంటాయి, అక్షరాలు మరీ సన్నం, ఫోటో తీసి పెద్దది చేసుకుంటే గానీ కనపడవు. నేను లోపలికి వెళ్లి చూస్తే, ఆయన పెట్టి వెళ్లిన యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. పైగా బయటి నుంచి లాగిన్ అయ్యే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంది. అంటే లోకంలో ఎక్కడున్నవాడైనా మా రౌటర్ తలుపు తట్టొచ్చు, తాళంచెవి అందరికీ తెలిసిందే!

ఇది లేనిపోని భయం కాదండీ. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి పాస్‌వర్డ్‌లు అరవై చిల్లర జతలు దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కటీ కొట్టి చూస్తూ లక్షల కెమెరాలు, రౌటర్లలోకి దూరిపోయింది. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటన్నిటితో, సైట్ల పేర్లకు దారి చూపించే డైన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. అంతకు ముందు డీఎన్‌ఎస్ ఛేంజర్ అని ఒకటుండేది, అది కంప్యూటర్లలో, పాస్‌వర్డ్ మార్చని రౌటర్లలో డీఎన్‌ఎస్ అడ్రస్ మార్చేసేది. మనం కొట్టిన సైట్ పేరును ఎక్కడికి పంపాలో చెప్పేది ఆ డీఎన్‌ఎస్సే కాబట్టి, అది దొంగ చేతిలో పడితే మనల్ని ఏ దొంగ సైటుకైనా తీసుకెళ్లొచ్చు. 2011లో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠా ఆట కట్టించేనాటికి దాని బారిన పడినవి దాదాపు 40 లక్షల కంప్యూటర్లు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్నిటికీ ఒకటే తేలిక పాస్‌వర్డ్ పెట్టి ఇలాంటి వస్తువులు అమ్మడం చట్టవిరుద్ధం. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చన్నమాట.

నేను ఆ రోజే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాను, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేశాను. వైఫైకి తాళంలా పనిచేసే భద్రతా పద్ధతి మా దాంట్లో డబ్ల్యూపీఏ2 (WPA2) ఉంది, డబ్ల్యూపీఏ3 ఉంటే ఇంకా మంచిది. బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్ కూడా తీసేశాను. దాని పిన్ ఎనిమిది అంకెలైనా రెండు ముక్కలుగా సరిచూస్తుందట, అందుకని 11 వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. చుట్టాల కోసం గెస్ట్ నెట్‌వర్క్ పెట్టాను, ఇక ఎవరొచ్చినా అసలు పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు.

పిల్లల ఫోన్లకు రాత్రి పదింటికి నెట్ ఆగేలా పెట్టడం మాత్రం నన్ను బాగా తిప్పలు పెట్టింది. పేరు ఎంచుకుని టైము పెట్టాను, రెండు రోజులు పనిచేసింది, మూడో రోజు పదకొండింటికీ వీడియోలు ఆడుతున్నాయి. రౌటర్ ఫోన్‌ను గుర్తుపట్టేది మ్యాక్ అడ్రస్‌తో, అంటే ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబరుతో. ఇప్పటి ఫోన్లు ఆ అడ్రస్‌ను మన గోప్యత కోసం మార్చి చూపిస్తాయి, వైఫైని ఒకసారి మర్చిపోమని చెప్పి మళ్లీ కలిస్తే కొన్ని ఫోన్లలో కొత్త అడ్రస్ వస్తుంది, రౌటర్‌కు అది కొత్త ఫోన్! అందుకే ఫోన్‌లో మన ఇంటి వైఫై ఒక్కదానికి ఇలా మార్చి చూపించే ప్రైవేట్ అడ్రస్ సెట్టింగు ఆపేసి, అప్పుడు రౌటర్‌లో టైము పెట్టాలి. బయటి వైఫైలకు అది ఆన్‌లోనే ఉంచాలి. నాకు ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే పిల్లలతో రోజూ గొడవపడేదాన్ని కాదు.

చివరగా కనెక్షన్ పేజీని ఫోటో తీసుకుని, సెట్టింగుల బ్యాకప్ ఫైలు దించుకుని, మూడు పాస్‌వర్డ్‌లూ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. కనెక్షన్ పాస్‌వర్డ్ పేజీలో చుక్కలుగానే కనపడుతుంది కాబట్టి దానికోసం కంపెనీకి మళ్లీ రెండుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది.

కంపెనీల వాళ్లను నేను అడిగేది ఒక్కటే. కనెక్షన్ ఇచ్చిన రోజే ఆ మూడు వివరాలూ ఒక కాగితం మీద ఇంటివాళ్ల చేతికివ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఇంటివాళ్ల చేతే మార్పించి వెళ్లండి. మీకు మీ వైపు నుంచి రౌటర్ చూసుకునే అవసరం ఉంటే ఉంచుకోండి, కానీ ఉందని మాకు చెప్పండి. ఎడిటర్ గారూ, మీరు వారానికి ఒక అర పేజీ ఇస్తే చాలు, ఒక వారం లాగిన్, ఒక వారం కనెక్షన్ పేజీ, ఒక వారం పిల్లల టైము సెట్టింగులు, బొమ్మలతో వేయండి. మా నాన్నగారిలాంటి వాళ్లు ఫోన్‌లో చదవరు, పేపర్లో వస్తే కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు